చంటిబడి కొండ ఎంపిక కమిటీ

ఒక పెద్ద అడవిలో కొండలకు కొదవ లేదు, కమిటీలకు అసలే లేదు. అందుకే అక్కడి చంటిబడి పిల్లలు ఏళ్ల తరబడి ఒక్క కొండా ఎక్కలేదు.

ఆ బడి పంతులమ్మ కుందేలు. పేరు మెత్తమ్మ. ఆమె దగ్గర ఏడుగురు పిల్లలున్నారు. ఏటా కమిటీ వాళ్లు కొండను ఎంచేలోపే వానలు పడేవి, పిల్లలు పై తరగతికి వెళ్లిపోయేవాళ్లు. "ఈసారి కొండకు తీసుకెళ్లి తీరతా, నా చెవుల మీద ఒట్టు" అని మెత్తమ్మ పిల్లల ముందు నోరు జారింది. జారాక దిగులు పట్టుకుంది. ఈ మాట తప్పితే ఆ ఏడు మొహాలూ ఎలా చూడాలి?

కమిటీ ముందు నిలబడి అడిగింది. "అయ్యా, బోడిగుట్ట చాలండి. గంట నడక. దారిలో వాగు, పైన నేరేడు చెట్లు. నావన్నీ చంటివి. అరగంటకోసారి ఆకలి, మధ్యలో ఒంటేలు."

కార్యదర్శి నక్క పకపకా నవ్వింది. "గుట్టా! పక్క అడవి వాళ్లు తమ పిల్లల చేత జంటకొండ మీద జెండా పాతించారట. మనం గుట్ట ఎక్కిస్తే తల ఎక్కడ పెట్టుకోవాలమ్మా? మేఘాలకొండే ఖాయం. మూడు రోజుల నడక."

"మూడు రోజులా! మా ముళ్లపంది పిల్ల మూడడుగులకోసారి పువ్వు చూస్తూ కూర్చుంటుందండీ!"

"ఆరోగ్యం సంగతి నాకొదిలెయ్," అంది వైద్యాధికారి ఎలుగుబంటి. "ప్రతి సంచిలో ఒక తేనెకుండ పెట్టండి. దెబ్బకు తేనె, దగ్గుకు తేనె, భయానికి తేనె. మిగిలింది నేను చూసుకుంటా."

"ఒక అరటిగెల కూడా," అన్నాడు అధ్యక్షుడు ఏనుగు గజరాయుడు. "ఖాళీ కడుపుతో పంపితే అడవి పరువేం కాను?"

నక్క జెండా, జెండాకర్ర, బ్యానరు చేర్చింది. తూచి చూస్తే సంచి సరిగ్గా పిల్లంత బరువు తూగింది. ముళ్లపంది పిల్లకు తగిలించగానే అది వెల్లకిలా పడి కాళ్లు గాల్లో ఆడించింది. "పంతులమ్మా, కొండ ఎక్కేశానా? ఆకాశం కనిపిస్తోంది!" అంది సంబరంగా.

మెత్తమ్మకు ముందు ఏడుపొచ్చింది, ఆ తర్వాత ఒళ్లు మండింది. వీళ్లతో వాదిస్తే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అయితే తీర్మానం రాసే చాకిరీ మాత్రం ఎప్పుడూ ఆమెదే. బుద్ధిగా అంతా రాసి, చివర ఒక్క వాక్యం చేర్చింది: "పిల్లలకన్నా ముందు కమిటీ సభ్యులు ఇదే లెక్కన, తమ తమ బరువుకు సమానమైన సంచులు మోసి దారిని పరీక్షించవలెను."

గజరాయుడు ఏ కాగితమూ చదవడు. "చదివి పెడితే అది గుమాస్తా సంతకం, చదవకుండా పెడితేనే అధ్యక్షుడి సంతకం" అంటాడు. టపీమని ముద్ర కొట్టాడు. ముద్ర పడిన తీర్మానాన్ని మార్చాలంటే ఇంకో కమిటీ వేయాలి, దానికి ఏడాది పడుతుంది.

మర్నాడు తీర్మానం ప్రకారం ఏనుగు వీపున ఏనుగంత సంచి కట్టారు. ఎలుగుబంటి తనంత బరువు తేనె ఎత్తుకుంది. నక్క తన బరువుకు సరిపడా జెండాకర్రలు మోసింది. మెత్తమ్మ ఖాళీ చేతులతో ముందు నడిచింది.

మేఘాలకొండకు దారి బోడిగుట్ట మీదుగానే. గుట్ట సగం ఎక్కేసరికే గజరాయుడి చెవులు వేలాడిపోయాయి. "అమ్మాయ్, మేఘాలు వచ్చాయా?"

"ఇంకా బోలెడు దూరమండీ."

ఎలుగుబంటి బరువు తగ్గించుకుందామని తేనె తాగేసింది. వీపు మీది బరువు పొట్టలోకి మారింది గానీ పిసరంత కూడా తగ్గలేదు. నక్క అయితే జెండాకర్రలను తిట్టని తిట్టు లేదు. ఎలాగో పైకి చేరి ముగ్గురూ నేరేడు చెట్ల కింద కూలబడ్డారు.

"లేవండయ్యా, ఇంకా దాదాపు మూడు రోజుల నడకే," అంది మెత్తమ్మ వినయంగా.

ముగ్గురూ లెక్కలేసుకున్నారు. దిగిపోతే పక్క అడవి నవ్వుతుంది, ఎక్కితే ప్రాణం పోతుంది. చివరికి నక్క గొంతు సవరించుకుంది. "అధ్యక్షా, అసలు మేఘాలకొండంటే ఇదే కదూ?"

"నాకు మొదట్నుంచీ అదే అనుమానం," అన్నాడు గజరాయుడు.

"సందేహమే లేదు, నా మోకాళ్లే సాక్ష్యం," అంది ఎలుగుబంటి.

పాత తీర్మానాన్ని మార్చలేరు గనక అక్కడికక్కడే దాని పక్కన ఇంకో తీర్మానం చేశారు. బోడిగుట్ట పేరు మేఘాలకొండగా మారింది. వెనకున్న అసలు కొండను 'చూడదగ్గ దృశ్యం' అని రాశారు. పరీక్షలో తేలిందంటూ సంచులు మోయడం పూర్తిగా నిషేధించారు. ఈసారి కూడా రాసింది మెత్తమ్మే, ఒక్క అక్షరం చేర్చకుండా.

ఆ వారమే పిల్లలు చేతులూపుకుంటూ బయల్దేరారు. వాగులో తనివితీరా ఆడారు, మూడుసార్లు తిన్నారు. ముళ్లపంది పిల్ల దారిలోని ప్రతి పువ్వునూ పలకరించింది. పైకెక్కి నేరేళ్లు తిని, ఊదారంగు నాలుకలు చాపి పంతులమ్మకు చూపించారు. మెత్తమ్మ కడుపుబ్బ నవ్వింది. 'మా చంటిపిల్లలు మేఘాలకొండను ఒక్క పూటలో ఎక్కారు' అని పక్క అడవికి కబురు వెళ్లింది. అక్కడ అర్జెంటుగా ఒక కమిటీ వేశారట.

నీతి: పిల్లలకు తగిన కొండ ఏదో తేలాలంటే సంచి పెద్దల వీపున వేయాలి, వాళ్లు ఎక్కడ కూలబడితే అదే శిఖరం.