మక్సూద్ మాయబుట్ట

ఆ ఉదయం మక్సూద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెనుబల్లిలో ఏడింటికి బస్సెక్కడం, పదింటికల్లా ములకలపల్లిలో దిగడం, వెంకటప్పయ్య మనవరాలి ఉయ్యాల ఫంక్షన్లో గంటసేపు మ్యాజిక్ చేయడం, ముద్దపప్పుతో భోంచేసి పొద్దుండగానే ఇల్లు చేరడం.

మక్సూద్‌కు అరవై రెండేళ్లు. నలభై ఆరని చెబుతాడు. ఆరేళ్ల కిందట మాంసం, గుడ్డు, పాలు అన్నీ మానేశాడు. ఎవరైనా అడిగితే, "ఆకుల్లోనే జవానీ ఉందన్నా! మెదడు చాకులెక్క పని చేస్తది" అంటాడు. అసలు కారణం సోని. ఖాళీ బుట్టలో ప్రత్యక్షమయ్యే నాటుకోడి అది. పగలంతా దాన్ని చంకలో పెట్టుకుని తిరిగి, ఇంటికొచ్చి దాని చుట్టాలను తినడం అతనివల్ల కాలేదు. బుట్ట అడుగున ఒక దొంగ అర ఉంది. పైన మూడుసార్లు తడితే సోని అందులోకి దిగి కిక్కురుమనకుండా పడుకుంటుంది. మళ్లీ మూడుసార్లు తడితే పైకొస్తుంది. ఇంట్లో తన మాట వినేది అదొక్కటేనని భార్య అమీనా బీ ముందే అనేస్తాడు. సోని లేకపోతే అతని దగ్గర మిగిలేవి పేకముక్కలు, పాత జోకులు.

బాలింత ఉన్న ఇంటికి చుట్టాలు కోడిని తేవడం వెంకటప్పయ్య ఇంట్లో ఆనవాయితీ. అప్పటికే పెరట్లో ఎనిమిది కోళ్లు కాళ్లకు తాళ్లతో ఉన్నాయి. వెంకటప్పయ్య భార్య సుశీలమ్మ ఎదురొచ్చి బుట్ట అందుకుంది.

"అయ్యో, మీరెందుకు తెచ్చిన్రన్నా!"

"పర్వాలేదమ్మా. మంచి కోడి, జర పైలంగ చూస్కోండి."

"మీరు చెప్పాల్నా! దగ్గరుండి నేనే చూస్కుంట."

మక్సూద్ నిశ్చింతగా మీసానికి రంగేసుకోవడానికి వెళ్లాడు. గంట తర్వాత వెంకటప్పయ్య వచ్చాడు.

"భాయ్, మీ కోడి పొయ్యి మీద గుమగుమలాడుతుంది. మొదటి ముక్క మీకే!"

"ఏ కోడి?"

"ఏందట్లడుగుతరు? బుట్టల మీరు తెచ్చిందే."

మక్సూద్ పెరట్లోకి పరుగెత్తాడు. బుట్ట మూలన ఖాళీగా కనిపించింది. సుశీలమ్మను అడిగితే, "అవ్ అన్నా, మీదే, మీదే" అంటూ చూపు తిప్పుకుంది. అంతలో మైకులో అతని పేరు పిలిచారు. బుట్టను చంకన పెట్టుకుని స్టేజీ ఎక్కాడు.

"ఇయ్యాల మ్యాజిక్ లేదు. నా కోడిని మీరు వండిన్రు."

పందిరంతా నవ్వింది.

"నవ్వకుండ్రి! ఆరేండ్లు నాతోని బస్సుల తిరిగింది. కిటికీ సీటు దానికే ఇచ్చేటోణ్ణి!"

జనం నవ్వి నవ్వి కుర్చీల్లోంచి జారిపోయారు. జోకుకు ముందు ఎంతసేపు ఆగాలో, కనుబొమ్మ ఎక్కడ ఎగరేయాలో నలభై ఏళ్లు సాధన చేశాడు మక్సూద్. నిజం చెబితే సరిపోయేదని ఎవరూ చెప్పలేదు. అతను ఏడుస్తున్నాడు, నిజంగానే ఏడుస్తున్నాడు. మీసం రంగు గడ్డం మీదికి కారింది.

"నాకు నలభై ఆరు కాదు, అరవై రెండు! ఇంకో కోడికి నేర్పే వయసు నాకు లేదు!"

కుర్రాళ్లు విజిళ్లు వేశారు. మక్సూద్‌కు ఒళ్లు మండింది. దుఃఖం పట్టలేక బుట్ట మీద దబదబా మూడుసార్లు బాదాడు.

సోని పైకొచ్చి, రెక్కలు దులుపుకుని, కొక్కొక్కో అంది.

పందిరి దద్దరిల్లిపోయింది. అందరికంటే పెద్దగా నోరు తెరిచింది మక్సూదే. కోడిని గుండెకు హత్తుకుని మళ్లీ ఏడ్చాడు. స్టేజీ దిగగానే సుశీలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని వచ్చింది.

"ఏమనుకోకండన్నా. మూత బిగుసుకపోతే గరిటెతోని మూడు దెబ్బలేసి తీసిన. చూస్తే లోపల కోడి లేదు. మీరు తెచ్చిన కోడిని పోగొట్టినమంటే ఇజ్జత్ పోతదని, మా పుంజును కోయించి మీదే అని చెప్పిన."

మూడు దెబ్బలు. దొంగ అర. అన్నీ తను చేసినవే, తను నేర్పినవే. కంగారులో బుట్ట బరువు కూడా గమనించలేదు. ఆ బుట్ట చేతిలో ఎంతోమంది మోసపోయారుగానీ, తనంత గట్టిగా ఎవరూ మోసపోలేదు.

వెంకటప్పయ్య వచ్చి భుజం తట్టాడు. "ఏం యాక్టింగ్ భాయ్! కడుపు చెక్కలైంది. అరవై రెండన్నరు చూడుండ్రి, అక్కడ మటుకు కొంచెం తగ్గించిన్రు."

మర్నాటి నుంచి మక్సూద్ తినే ఆకుల్లో, జ్ఞాపకశక్తికి మంచిదని, సరస్వతి ఆకు కూడా చేరింది.