రేడియో గదిలో మాయమైన పెద్ద డిస్కు

"నేరాలు రెండు రకాలు. నేను పట్టుకున్నవి, నాకు జడిసి ఇంకా జరగనివి," అని ప్రకటించాడు మెర్విన్ టక్‌వెల్.

రేడియో స్టేషన్లో మెషీన్లు చూసుకునే గ్లెనిస్ వినిపించుకోలేదు. ఆమె కళ్లు గోడ గడియారం మీదే ఉన్నాయి. కాసేపట్లో ఆడపిల్లల ఫుట్‌బాల్ ఫైనల్ మొదలవుతుంది. మనవరాలు టెస్సాకి ఇదే మొదటి ఫైనల్. దాని తండ్రేమో పెద్దరొయ్యల పడవ మీద నడిసముద్రంలో ఉన్నాడు. టాస్మేనియా ఒడ్డున ఉన్న ఈ బుల్లి రేడియో స్టేషన్ అంత దూరం వినపడదు. ఆట మొత్తం రికార్డు చేసి పంపుతానని కొడుక్కి ఆమె మాటిచ్చింది. తీరా చూస్తే రికార్డు చేసే కంప్యూటర్, అదే రేడియో సర్వర్, డిస్కు నిండిపోయింది, ఇక నావల్ల కాదని మొండికేసి కూర్చుంది.

నిన్ననే గ్లెనిస్ దానికి పెద్ద డిస్కు పెట్టింది. పాత డిస్కులో ఉన్నదంతా, మెషీన్ను నిద్రలేపే సరంజామాతో సహా, కొత్తదానిలోకి ఎక్కించింది. పాతదాని వైరు పీకేసి, టీ పెట్టుకుని వచ్చి, స్విచ్చి వేసి ఇంటికి వెళ్లింది. ఇవాళ ఆ జాగా అంతా ఏ గంగలో కలిసిందో ఆమెకు అంతుపట్టలేదు.

మెర్విన్‌కు మాత్రం క్షణంలో అంతుపట్టింది. "పెద్ద డిస్కు కాజేసి చిన్నది పెట్టారు," అన్నాడు. సొంత పెళ్లాం కారుకే జరిమానా రాసిన పార్కింగ్ ఇన్‌స్పెక్టర్ ఆయన. రిటైరయ్యాక ఊళ్లో నేరాలు లేవని బెంగపడి సగమయ్యాడు. అందుకే కబురు తెలియగానే వచ్చి, సర్వర్ చుట్టూ పసుపుపచ్చ టేపు చుట్టేశాడు.

"మెర్వ్, ఆ టేపు తీస్తే లోపల ఒక్కసారి చూస్తాను."

"నేరస్థలాన్ని ముట్టుకోకండి, గ్లెనిస్ గారూ."

చిన్నప్పట్నుంచీ నువ్వు అనే మనిషి మీరు అంటున్నాడంటే ముద్దాయి తనేనని ఆమెకు అర్థమైంది. ఒళ్లు మండిపోయింది.

"డిస్కు హోబార్ట్ నగరం నుంచి తెచ్చిందెవరు?"

"నేనే."

"మెషీన్లో పెట్టింది?"

"నేనే. పక్కన కుర్చీలో కూర్చుని నా బిస్కెట్లన్నీ తిన్నది నువ్వు."

"నన్ను లెక్కలోంచి తీసేయండి. ఇక మిగిలిందెవరు?"

అప్పుడే రేడియో స్టేషన్‌కు పెద్ద అయిన రాస్కో, మాంసం కూరిన పొరల సాసేజ్ రోల్ నములుతూ లోపలికొచ్చాడు. "ఏమైంది మీకు? అవతల జట్లు మైదానంలోకి దిగాయి," అంటూ భుజాల మీద రాలిన పొట్టు దులుపుకున్నాడు.

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే..." అన్నాడు మెర్విన్, కళ్లు చిన్నవి చేసి.

"సాసేజ్ రోల్ నాయనా. కొనుక్కున్నాను."

"సరే. దొంగ ఎలా వచ్చాడో చూపిస్తాను. ఇదిగో, ఇలా, పాములా."

బల్ల కిందకి పాములా దూరాడు గానీ, వెనక్కి ఆంబోతులా వచ్చాడు. బూటు టేపులో ఇరుక్కుంది. సర్వర్ పక్కమూత ఊడి ఏళ్లయింది. లోపలి వైరొకటి బూటుకు తగులుకుని ఊడొచ్చింది. మెర్విన్ బోర్లా పడ్డాడు, తెర నల్లబడింది.

"పోయింది. రేడియో పోయింది," అన్నాడు రాస్కో నీరసంగా.

గ్లెనిస్ ఎవరినీ అడగలేదు. టేపు పరపరా చించేసి మీట నొక్కింది. టెస్సా ముఖం, కొడుకు ముఖం కళ్లముందు మెదిలాయి. మెషీన్ మూలిగింది, గురక పెట్టింది, లేచింది. తెర మీద బోలెడంత ఖాళీ జాగా. రాస్కో కంగారులో గదిలోని మైకు మీటతో సహా దొరికిన మీటలన్నీ నొక్కి రికార్డు మొదలుపెట్టాడు.

అప్పుడు చూసింది గ్లెనిస్ ఆ వైరును.

"ఇది పాత డిస్కుది. నిన్న నేనే పీకేశాను. మళ్లీ ఎవరు పెట్టారు?"

నేల మీంచి సన్నటి గొంతు వచ్చింది. "నువ్వు టీకి వెళ్లినప్పుడు వేలాడుతుంటే చూడలేకపోయాను. నేనే పెట్టాను."

నువ్వు అనే పిలుపు తిరిగొచ్చేసింది.

"పాతది తగిలించి ఉంటే ఇది అలవాటుకొద్దీ దాన్నుంచే లేస్తుంది, మెర్వ్. కొత్తది పక్కనే పని లేకుండా కూర్చుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికించావు."

మెర్విన్ లేచి మోకాళ్లు దులుపుకుని, గొంతు సవరించుకున్నాడు. "కేసు తేలిపోయింది. దొంగను పట్టుకున్నాను. ఆ దొంగను నేనే." చివరి మాటలోనూ గర్వమేమీ తగ్గలేదు.

ఫైనల్లో టెస్సా రెండు గోల్స్ కొట్టింది. పడవ రేవుకు రాగానే కొడుక్కి రికార్డు అందింది. ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు.

"అమ్మా, పాప ఆట వింటుంటే ఏడుపొచ్చేసింది. కానీ మొదట్లో ఎవరో తనను తానే అరెస్టు చేసుకున్నాడు చూడు, పడవలో వాళ్లంతా ఆయన్ని మళ్లీ మళ్లీ పెట్టమంటున్నారు."