వెలుగు తగలకూడని పెట్టె

ఆ పొద్దున నవ్య వేసుకున్న ప్లాను చాలా తేలికైనది. బాపట్లలో తను చదువుకున్న కాలేజీకి వెళ్ళి పిల్లలతో కాసేపు మాట్లాడి, సాయంత్రానికి రేపల్లె తిరిగొచ్చి, తెనాలి బండెక్కి, అటునుంచి జపాన్ వెళ్ళిపోవడం. పెట్టె మాత్రం అప్పటిదాకా ఇంట్లో ఉంటుంది. దానికి కాపలా నాన్న సింగయ్య.

“నాన్నా, ఇందులో ప్రొటీన్ స్ఫటికాలున్నాయి. పటికబెల్లం పలుకుల్లాంటివనుకో. వెలుగు తగిలితే వాటి ఆకారం మారిపోద్ది. అలా మారుతుండగానే ఎక్స్‌రే ఫొటోలు తియ్యాలి. జపాన్‌లో ఆ యంత్రం నాకు రెండే రోజులిచ్చారు. మూడేళ్ళ కష్టం ఇది. నేనొచ్చేదాకా మూత తియ్యనివ్వకు.”

ఒకప్పుడు తుఫానులో పడవ నడిపి, ఇప్పుడు చేపలమ్ముకుంటున్న సింగయ్యకి ఆ మాటతో భయం పట్టుకుంది. ఎందుకంటే అది థర్మాకోల్ పెట్టె. చేపల వ్యాపారి ఇంట్లో థర్మాకోల్ పెట్టె కనిపిస్తే ఆ వీధిలో ఎవరూ అడిగి మూత తియ్యరు. తీసి, మొప్పలెత్తి చూసి, ఆ తర్వాతే ధర అడుగుతారు.

పెట్టెను గదిలో పెట్టి కిటికీలు మూశాడు. నల్లగుడ్డ కప్పాడు. అయినా భయం తగ్గలేదు. చివరికి గుమ్మానికి వేపమండలు కట్టాడు. అమ్మవారు పోసిన ఇంట్లోకి ఎవరూ అడుగుపెట్టరు కదా! తన తెలివికి తనే మురిసిపోయాడు. ఆ మురిపెం పక్కింటి కృపమ్మ చేపల కోసం వచ్చేదాకానే.

“ఎవరికన్నయ్యా?” గేటు దగ్గరే ఆగిపోయి అడిగింది కృపమ్మ.

సింగయ్యకి అబద్ధాలు అల్లడం చేతకాదు. నోటికొచ్చిన పేరు చెప్పేశాడు. “నవ్యకమ్మా.”

మధ్యాహ్నానికి సంగతి వీధంతా పాకింది. నర్సు హెలెన్ టార్చిలైటు పట్టుకుని వచ్చింది. ఆమె వెనక సగం వీధి వచ్చింది.

“తప్పుకో బాబాయ్, పిల్లని చూడాలి.”

“వద్దమ్మా! లైటు పడకూడదు!” సింగయ్య తలుపుకి అడ్డంగా చేతులు చాపాడు.

“పడితే ఏంటంట?”

“ఆకారం మారిపోద్దమ్మా!”

హెలెన్ చేతిలో టార్చి జారిపోయింది. దాన్ని తీసుకోవడానికి కూడా ఆమె వంగలేదు. గేటు దగ్గరి జనం ఆమెకన్నా ముందే వెళ్ళిపోయారు.

సింగయ్యకి కొత్త భయం పట్టుకుంది. ఈ గొడవలో వెలుగేమైనా లోపలికి పోయిందేమో! ఓర్చుకోలేక ఆ టార్చే వేసి, మూత కాస్త ఎత్తి చూశాడు. చిన్న చిన్న గాజు గొట్టాల్లో మసక నీళ్ళు తప్ప ఏమీ లేవు. పలుకులన్నీ కరిగిపోయాయి! గభాలున మూత వేసి, గోడకి చేరగిలబడ్డాడు. కూతురి మూడేళ్ళ కష్టం తన చేతిలోనే నీళ్ళయిందని తలుచుకుంటే ఏడవడానికి కూడా ధైర్యం చాలలేదు.

సాయంత్రం నవ్య బస్సు దిగి వీధి మలుపు తిరిగింది. అమ్మవారు పోసి గదిలో పడుకున్న పిల్ల, బ్యాగు తగిలించుకుని బయటినుంచి నడిచొస్తోంది.

“మారిపోయిందర్రా!” కృపమ్మ కేక వేసింది. అరుగులన్నీ ఖాళీ అయ్యాయి.

ఇంట్లో సింగయ్య తలెత్తలేదు. “లైటు నేనే వేశానమ్మా. నీ పలుకులు కరిగిపోయినయ్.”

నవ్య ముఖం పాలిపోయింది. “ఎంతసేపు వేశావు?”

“చూసి వెంటనే మూసేశా.”

ఆమె ఊపిరి పీల్చుకుంది. “కరగలేదు నాన్నా. అవి కంటికి కనపడనంత చిన్నవి. ఆ మసకంతా అవే. కాస్త వెలుగు తగిలితే మారి, చీకట్లో మళ్ళీ మామూలైపోతాయి. గంటలకొద్దీ తగిలితేనే పాడైపోయేది.”

సింగయ్యకి అప్పుడొచ్చింది ఏడుపు.

కానీ బండి టైమవుతోంది. పిలిచిన ప్రతి ఆటో వేపమండలు చూసి దూరం నుంచే వెనక్కి తిరిగింది. ఈ బండి తప్పితే జపాన్‌లో ఆ రెండు రోజులూ పోతాయి. సింగయ్య నల్లగుడ్డ కప్పిన పెట్టెను నెత్తిన పెట్టుకుని స్టేషను వైపు నడక మొదలుపెట్టాడు. వెనకే నవ్య.

“అమ్మవారిని సాగనంపుతున్నాడు!” అన్నారెవరో.

అంతే, పసుపునీళ్ళ బిందెలు బయటికొచ్చాయి. డప్పు ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. ఆడవాళ్ళు దారి పొడుగునా నీళ్ళు వారపోశారు. సెంటర్లో లారీలు వాటంతటవే ఆగాయి. పెట్టె ఎక్కడ జారుతుందోనని సింగయ్య బిక్కుబిక్కుమంటూ నడిచాడు. ప్లాట్‌ఫారం మీద కృపమ్మ దూరం నుంచే నవ్యకి దణ్ణం పెట్టి, “మళ్ళీ రాకు తల్లీ!” అంది.

ఎప్పుడూ కాలు పెట్టడానికి చోటుండని తెనాలి బండిలో ఆ సాయంత్రం నవ్యకి, పెట్టెకి కలిపి ఒక బోగీ దొరికింది.