సుంకులమ్మ నిట్టూర్పు

పెద్దగాలిగుండ్ల కొండ మీది తొమ్మిది గాలిమరలు, గాలి పడిపోయిన రోజుల్లో ఊరివాళ్ల నిట్టూర్పులతో తిరుగుతాయి. ఇందులో వింతేమీ లేదు. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా గాలి మనిషి ఒంటిమీద పంచె నిలవనివ్వదు. అప్పుడు కరెంటు వాడుకునే దిక్కులేక మిగిలిపోతుంది. ఆ తర్వాత కొండ మీద ఆకు కదలదు. ఊళ్లో మోటార్లు, మిక్సీలు, టీవీలు మాత్రం గాలిని అడిగి తిరగవు కదా.

అందుకని సబ్‌స్టేషన్‌లో సైరన్ మోగగానే, ఆ పూట వంతు వచ్చిన వీధివాళ్లు కొండ మొదట్లో బండల మీద వరసగా కూర్చుని నిట్టూరుస్తారు. ఎండలో ఆ నిట్టూర్పులు పలచటి పొగలా లేస్తాయి. రెక్కలు నిద్రలో ఒత్తిగిల్లినట్టు మెల్లగా కదులుతాయి. లైన్‌మన్ హుసేనప్ప వరస తప్పకుండా చూసుకుంటాడు. కొత్తగా పెళ్లయినవాళ్లకు ఆరు నెలల మినహాయింపు ఉంది. ఆరు నెలలు దాటితే ముందు వరస వాళ్లదే. ఆవులింతలు నిషేధం. ఒకసారి కిందివీధి వాళ్లంతా కలిసికట్టుగా ఆవులిస్తే రెక్కలు వెనక్కి తిరిగాయి. ఊళ్లో మిక్సీలన్నిట్లో పచ్చడి మళ్లీ శనక్కాయలైంది.

ఎందరు కూర్చున్నా ఊరికి ఆధారం సుంకులమ్మ ఒక్కతే. ఆమె ఒక్క నిట్టూర్పుకు పిండిమర అరగంట ఆడుతుంది. కారణం అందరికీ తెలుసు. ఊరి చివర ఆమె ఇంటికి రెండు స్తంభాల దూరంలోనే లైను ఆగిపోయి పదకొండేళ్లయింది. చెల్లెలు కొనిచ్చిన టేబుల్ ఫ్యాను అట్టపెట్టెలోనే ఉంది. శుక్రవారం శుక్రవారం దాన్ని బయటికి తీసి, తుడిచి, రెక్కను వేలితో ఒక చుట్టు తిప్పి, మళ్లీ పెట్టెలో పెడుతుంది. ఆ ఫ్యాను ముందు ఒక్క మధ్యాహ్నం కునుకు తీయాలని ఆమె కోరిక. అంతకు మించి ఆమె దేవుణ్ని అడిగింది లేదు, ఆఫీసును అడిగింది లేదు.

ఆ కార్తీకంలో కరెంటు ఆఫీసుకు ఇంజనీరుగా వచ్చిన ఏఈ నిరంజన్‌కు సంగతి తెలిసి మనసు కలుక్కుమంది. ఉద్యోగానికి కొత్త. వారంలో రెండు స్తంభాలు పాతించి తీగ లాగించాడు. సుంకులమ్మ స్విచ్చి వేసింది. ఫ్యాను తిరిగింది. చాప పరుచుకుని పడుకుని, "హమ్మయ్య" అనుకుంది.

కొండ మీద తొమ్మిది మరలూ ఆగిపోయాయి. మిగతావాళ్ల నిట్టూర్పులు రెక్కల అంచులు తాకి, సిగ్గుపడ్డట్టు దిగి వచ్చాయి. ఊరితో పాటు ఆమె ఫ్యానూ ఆగింది. ఆమె నిట్టూర్చింది, అన్నీ తిరిగాయి. హమ్మయ్య అనుకుంది, అన్నీ ఆగాయి. పొద్దు వాలేదాకా ఊరు కళ్లు మూస్తూ తెరుస్తూ ఉండిపోయింది.

సాయంత్రం పెద్దలు వచ్చి ఆమె వాకిట్లో కూర్చున్నారు. ఎవరూ కోపపడలేదు. పదో తరగతి పిల్లల చదువులు, వాడిపోతున్న శనగ చేలు, సగంలో ఆగిన సీరియలు గురించి చెప్పుకున్నారు. ఇందులో ఆమె తప్పేమీ లేదని కూడా ఒప్పుకున్నారు. పిండిమర ఓబులేసు గొంతు సవరించుకున్నాడు.

"నీకు కరెంటు వద్దని ఎవురంటారు చిన్నమ్మా? రావాలనే మేమూ కోరుకుంటాండాము. వచ్చేయగూడదు, అంతే."

సుంకులమ్మ ఫ్యాను రెక్కను వేలితో ఒక చుట్టు తిప్పింది.

"ఫ్యాను మాత్రం నా ఇంట్లోనే ఉంటాది గదా?"

"నీ ఫ్యాను నీది గాకపోతే ఇంకెవురిది?"

నిరంజన్ ఫైలు రాశాడు. తీగ ఇంటి దాకా ఉంచాలి. చివరి జానెడు కలపడం మర్నాటికి వాయిదా వేయాలి. మర్నాడు కూడా ఇదే ఉత్తర్వు వర్తిస్తుంది. తర్వాత తేలిందేమిటంటే, ఇక రాదనుకుని విడిచే నిట్టూర్పు కన్నా, రేపు వస్తుందనుకుని విడిచేది ఎక్కువసేపు ఆడుతుంది. పక్క రెండు ఊళ్లకు కూడా చాలింది. నిరంజన్‌కు పైనుంచి మెచ్చుకోలు పత్రం వచ్చింది.

ఇప్పుడు గాలి లేని ప్రతి మధ్యాహ్నం హుసేనప్ప నిచ్చెన భుజాన వేసుకుని సుంకులమ్మ ఇంటికి పోతాడు. ఆమె చెంబుతో మజ్జిగ ఇస్తుంది. తాగి, మూతి తుడుచుకుని, తలెత్తి ఆ జానెడు ఖాళీని చూస్తాడు.

"రేపు కలిపేస్తా అక్కా."

"నిచ్చెన తెచ్చినావు గదప్పా."

"రేపూ తెస్తా."

ఆమె నిట్టూరుస్తుంది. కొండ మీద రెక్కలు ఒత్తిగిల్లుతాయి.

హుసేనప్ప ఇల్లు చేరి, అన్నం తిని, మంచం ఫ్యాను కిందికి లాక్కుంటాడు. ఆ గాలిలో సుంకులమ్మ ఇంటి మజ్జిగ వాసన సన్నగా తగులుతుంది. అది ఎవరి ఊపిరో ఆయనకు తెలుసు. చల్లగానే ఉంటుంది. కాసేపు కళ్లు మూసుకుని, చెయ్యి చాచి, రెగ్యులేటరు ఇంకొక గీత తిప్పుకుంటాడు.