వంశంలో లేని వాపు

"మా వంశంలో లోపమన్న మాటకు చోటు లేదు" అని మా బావగారు సెలవిచ్చారు. చోటు లేకపోయినా మా ఆరేళ్ల అమ్మాయి దవడ కింద నిమ్మకాయంత మెత్తటి వాపు వచ్చి కూర్చుంది.

బావగారు, అంటే మా ఆయన అన్న, పెద్ద అధికారి. ఇంట్లో కూడా ఉత్తర్వులే జారీ చేస్తారు. వాపు నా పుట్టింటి సరుకని తేల్చేశారు. "ఫొటోల్లో పిల్లను వెనక నిలబెట్టండి. అడిగినవాళ్లకి పంటినొప్పని చెప్పండి" అన్నారు. అలా ఏడాది పొడుగునా మా పిల్లకు పంటినొప్పి. వాపును చూసి బలుపనుకునేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. బలుపు వల్ల వాపు కనబడనివాళ్లను మా ఇంట్లోనే చూశాను.

ఒకరోజు జ్వరమొచ్చి వాపు రెట్టింపయింది. పిల్ల నీళ్లు కూడా మింగలేక ఏడ్చింది. ఎవరినీ అడక్కుండా ఆస్పత్రికి ఎత్తుకెళ్లాను.

డాక్టరమ్మ స్కాన్ తీసి చూసింది. "ఇది లింఫు నీటి సంచమ్మా. కడుపులో ఉన్నప్పుడే ఏర్పడుతుంది. ఎవరి తప్పూ కాదు, ఏ వంశానిదీ కాదు. జ్వరం తగ్గాక మత్తిచ్చి, సన్న సూదితో నీరు తీసి మందు ఎక్కిస్తాం. సంచి ముడుచుకుపోతుంది. కోత అక్కర్లేదు. రెండోసారి చేయాల్సి రావచ్చు."

బావగారు మండిపడ్డారు. "సూదులూ గీదులూ వద్దు. నలుగురికీ తెలిస్తే పరువేం కాను? పెద్దయితే అదే పోతుంది."

అన్న ముందు ఎప్పుడూ నోరు విప్పని మా ఆయన నా వైపు తిరిగి, "ఎన్నింటికి రమ్మన్నారు?" అన్నాడు.

సూది వేశాక డాక్టరమ్మ ముందే చెప్పినట్టు కొన్నాళ్లు వాపు ఇంకా పెరిగింది. "చెప్పానా?" అని బావగారు ఫోన్ చేశారు. తర్వాత మెల్లగా తగ్గింది. రెండో సూది పడ్డాక వేలితో తడిమితే గాని తెలియనంతయింది. ఆ వారమే బావగారు బంధువులందరికీ చెప్పుకున్నారు, దగ్గరుండి తనే వైద్యం చేయించానని. ఆఖరి పరీక్షకు తోడికోడలితో సహా మా వెంట వచ్చారు, డాక్టరమ్మ పక్కన ఫొటో దిగడానికి.

ఆయన్ను చూడగానే నర్సు ఆప్యాయంగా లేచి నిలబడింది.

"బాగున్నారా సార్? మీ చంకలో సంచికి మళ్లీ నీరు పట్టలేదు కదా?"

తోడికోడలు మొగుడి వైపు తిరిగింది. "సెగ్గడ్డన్నారు కదండీ నాతో?"

పిల్లను దగ్గరికి తీసుకుని ఆయన జవాబు కోసం చూశాను.

బావగారు గొంతు సవరించుకున్నారు. "నాది లోపం కిందికి రాదు. చొక్కా కిందికి వస్తుంది."