పసుపు పట్టిన టైర్లు

ఆ శుక్రవారం పొద్దున నా చేతిలో ఉన్న సరుకు ఇది: ఎండకు నెర్రెలిచ్చిన టైర్ల మీద నిలబడ్డ పాత కారు, ఒక సీసా టైర్ పూత, కారు చూడటానికి వస్తానన్న బెల్లం వ్యాపారి మల్లేశ్వరరావు, కారు అమ్మొద్దన్న భార్య. మొదటి మూడూ జమ. నాలుగోది ఖర్చు.

రాజమండ్రిలో నాది స్టీలు సామాన్ల కొట్టు. మెరిసిందే సరుకని నా సిద్ధాంతం. సబ్బునీళ్లు, బ్రష్షు పట్టుకుని టైర్లు తోమాను. పెళ్లయ్యాక ఇంట్లో నేను తోమిన మొదటి వస్తువులు అవే.

"నా అంట్లగిన్నెలకి ఈ యోగం ఎప్పుడండీ?" అంది సూర్యకళ గుమ్మంలోంచి.

"అమ్మే గిన్నెలైతే తోముతా."

"కారు అమ్మొద్దని చెప్పానుగా! డ్రైవింగ్ క్లాసులు అయిపోయాయి. చెయ్యి తిరగాలంటే పాత బండే మంచిదట."

"నీ చెయ్యి తిరిగేలోపు వీధిలో గోడలు మిగలవు."

"మీరు నేర్చుకున్నప్పుడు మా నాన్న ప్రహరీ మిగిలిందా?"

ఈ పద్దు మీద నేను చర్చకు దిగను. టైర్లు ఆరాక స్పాంజితో పూత రాశాను. ఒకసారి గట్టిపడితే వానకూ బురదకూ ఏడాదిపాటు వదలదని సీసా మీద రాసుంది. బూడిదరంగు టైర్లు కాటుక పెట్టినట్టు నల్లబడ్డాయి. నెర్రెలు మాయం.

"మల్లేశ్వరరావుగారు అడిగితే టైర్లు కొత్తవని చెప్పు," అన్నాను.

"కొత్తవా?"

"కొత్తవే."

"మీరు కొత్తవంటే కొత్తవేనండి."

ఇంత త్వరగా ఒప్పుకునే మనిషిని నమ్మొద్దని బజారంతా చెబుతుంటాను. ఇంట్లో మరిచిపోయి స్నానానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి నాలుగు టైర్లకూ పసుపు! తడి పూత మీద దట్టంగా పులిమి, కుంకుమబొట్లు పెట్టి, హారతి కూడా ఇచ్చేసింది. తుడవబోయాను. సగం ఆరిన పూత పసుపును వదల్లేదు, నా తువ్వాలునూ వదల్లేదు.

"ఏం చేశావే!"

"కొత్త టైర్లకి పూజ చెయ్యరా ఏంటి?"

అప్పుడే దిగాడు మల్లేశ్వరరావు. ఏ సరుకైనా గోటితో గీకి చూడందే కొనడు కాబట్టి బజారులో ఆయన పేరు గోటి మల్లేశ్వరరావు. టైరు ముందు గొంతుక్కూర్చుని గీకాడు. గీకిన చోట పైపసుపు లేచింది. నెర్రెల్లోకి దిగింది మాత్రం మిగిలి, నేను మాయం చేసిన ప్రతి గీతా పచ్చగా పైకి తేలింది.

"టైరు మీద గోదావరి పాయలన్నీ గీయించారేంటండీ అచ్చిబాబుగారూ?"

సూర్యకళ మంచినీళ్లు అందించింది. "పాతవనుకునేరు అన్నయ్యగారూ! కొత్తవని ఈయనే చెప్పారు. అందుకే శుక్రవారం పూట లక్ష్మీపూజ చేశాను. ఏవండీ, కొత్తవేగా?"

కాదంటే నేను దొంగని. ఔనంటే బేరం పోయినట్టే. శుక్రవారం లక్ష్మీపూజ అందుకున్న కొత్త వస్తువు గడప దాటకూడదని మా కొట్లవాళ్లందరి పట్టింపు.

"కొత్తవే," అన్నాను.

"అయితే నాకొద్దు బాబూ! లక్ష్మిని పంపిన పాపం మీకెందుకు, పట్టుకెళ్లిన పాపం నాకెందుకు?" మల్లేశ్వరరావు లేచి గోళ్లు దులుపుకున్నాడు. గేటు దగ్గర ఆగి నవ్వాడు. "పాతవని ఒక్క మాటంటే, ఏదో ఒక ధరకి తీసుకునేవాణ్ణండి."

ఆయన వెళ్లగానే సూర్యకళ చెయ్యి చాపింది. తాళం ఇచ్చాను.

లెక్క తేలింది. ఏడాదిదాకా వదలని పసుపు ఆవిడ బండికి. నాకు మిగిలింది ఎడమ పక్క సీటు. అందులో కూర్చుని, రోజూ సాయంత్రం గట్టు రోడ్డు పొడుగునా, అక్కడ లేని బ్రేకు తొక్కుతున్నాను.