పేరు చెప్పని పెట్టె

పాత కంప్యూటరును తుక్కు సామాను కొనే కబాడీకి ఇవ్వాలా వద్దా అన్న గొడవ ఆ ఉదయం టీ దాకా వచ్చింది. అప్పయమ్మ గ్లాసు ముట్టలేదు. పోయిన భర్త శంకరరావుది ఆ పెట్టె. దాన్ని కదిపితే ఆయన్ని కదిపినట్టేనని ఆమె వాదన. ఆ మూలలో కుట్టుమిషను వేసుకుని నాలుగు జాకెట్లు కుట్టుకోవాలని కోడలు సౌభాగ్య ఆశ. తార్‌బహార్ పేటలోని ఆ రెండు గదుల ఇంట్లో ఇంకో మూల ఖాళీ లేదు.

ముందు అందులోని ఫోటోలు తీసుకుందామని మనవరాలు తనూజ పెన్‌డ్రైవ్‌లోంచి కొత్త సిస్టమ్ నడిపింది. మబ్బు పట్టి గది చీకటిగా ఉంది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పాకుతూ వచ్చి ఆగిపోయాయి.

“ఏటే రాసింది?” అంది అప్పయమ్మ.

“ప్రాసెసర్‌ని పేరడిగింది నానమ్మా. జవాబ్ నహీ ఆయా. పాత చిప్‌లు కదా, అడిగితే పేరు చెప్పవు. అప్పుడు సిస్టమ్ ఓ చిన్న లెక్క ఇచ్చి, అది చేసే తీరు బట్టి ఎవరో పోల్చుకుంటుంది.”

అప్పయమ్మ కొంగు నిండుగా కప్పుకుంది. చీకట్లో ఎవరు పిలిచినా మూడో పిలుపుకి గాని పలకకూడదని, రెండుసార్లకే ఆగిపోయేవి మనుషులు కావని ఆ ఇంట్లో పసిపిల్లలకి కూడా నేర్పుతారు. తనూజ ఆపి మళ్లీ పెట్టింది. జవాబు లేదు. పెట్టె లోపల ఏదో గురక పెట్టి ఊరుకుంది. ఓ సెట్టింగు మార్చి మూడోసారి పెట్టింది. ఈసారి చిప్ తన పేరు చెప్పింది.

ఆ సెట్టింగు సంగతి చెప్పే అవకాశం తనూజకి మళ్లీ రాలేదు.

మూడో పిలుపుకి పలికింది గనక పెట్టెలో ఉన్నది శంకరరావేనని పక్కింటి కనకం దీపం తెచ్చింది. తెలిపారా పేట నుంచి చుట్టాలు దిగారు. ఒకామె పోయిన ఉంగరం గురించి అడిగితే పెట్టె గరగరమంది. ఉంగరం ఇల్లు దాటలేదని అర్థం చెప్పుకున్నారు. కరెంటు సన్నగిల్లి తెర మసకబారినప్పుడు అందరూ దండాలు పెట్టారు. డ్యూటీ దిగి వచ్చిన కొడుకు దిలీప్‌ను ముందు బూట్లు బయట విప్పమన్నారు, తర్వాత అతన్నీ బయటే ఉండమన్నారు. తన మూల గుడి అయిపోవడం సౌభాగ్య కళ్లారా చూసింది.

జనం పలచబడ్డాక అప్పయమ్మ ఇంటిల్లిపాదినీ దగ్గరికి పిలిచింది.

“రేపు ఆ కబాడీవోణ్ణి రమ్మనండి,” అంది నెమ్మదిగా. “ఇది ఆయన కాదు. మూడోపాలికే పలికేసింది. కాపురం చేసినన్నాళ్లూ ఎంత పిలిచినా ఆయన ఒక్కపాలీ పలకనేదు.”

ప్లగ్గు పీకడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు.